నిండుగా తిరిగొచ్చే నీళ్ల సీసా

మన అపార్ట్‌మెంటు పిల్లలందరికీ మూడో అంతస్తు తాతయ్య ఆశీస్సులు.

సాయంత్రం బడి బస్సు దిగగానే మీరు చేసే పని నేను బాల్కనీలోంచి చూస్తూనే ఉంటాను. సంచిలోని సీసా నీళ్లు గేటు పక్కనున్న మందార మొక్కకు ఒంపేసి, వీధి చివరి కొట్టుకు పరుగెడతారు. మందార బాగా పూస్తోంది, కాదనను. ఎండుతున్నవి మీ గొంతులే.

ఆ కొట్టులో కొనే సీసా వెనక చిన్న అక్షరాలు ఎప్పుడైనా చదివారా? చాలా కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు దాదాపు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. పైనుంచి కలిపిన చక్కెర రోజంతటికీ పాతిక గ్రాముల లోపే ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అదీ పెద్దవాళ్ల లెక్క!

అంత తీపి నాలుకకు ఎందుకు తెలియదంటే, చల్లదనమూ పులుపూ దాన్ని కప్పేస్తాయి. సగం సీసా మూత తీసి రాత్రంతా బయట ఉంచండి. పొద్దున ఒక్క గుక్క తాగితే పాకం తాగినట్టుంటుంది. ఆ చక్కెరను తిన్న నోటి సూక్ష్మజీవులు ఆమ్లం వదులుతాయి, పళ్లు పుచ్చేది దానివల్లే. నేనేమీ మునిని కాను, ఇరానీ చాయ్ కనిపిస్తే ఆగలేను. కానీ దాహం తీరడానికి చాయ్ తాగను.

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని మా చిన్నప్పుడు అనేవారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువు అది, 1920లో పూర్తయింది. ఇప్పుడు కృష్ణా గోదావరులను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసుకుంటున్నాం. అంత దూరం వచ్చిన నీళ్లు మందార పాదులో పడుతున్నాయి.

ఎందుకు తాగవని మీలో ఒక చిన్నమ్మాయిని అడిగాను. బడిలో మరుగుదొడ్లు శుభ్రంగా ఉండవట, వెళ్లవలసి వస్తుందని తాగదట. నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు. నీళ్లు మానేసి, వచ్చినా ఆపుకుంటే తలనొప్పి, మూత్రంలో మంట వస్తాయి. ఇందులో మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు, ఇంట్లో చెప్పండి. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి నేనూ వస్తాను. తలనెరిసినవాడు అడిగితే కాదనడం కాస్త కష్టం.

ఈలోగా మెట్ల కింద కొత్త కుండ పెట్టించాను. మూత మీద గ్లాసు బోర్లించి ఉంటుంది. మందారకు నీళ్లు నేను పోసుకుంటాను.

మీ తాతయ్య