టీడీఎస్ మీటరుకు అందనివి

"మీటర్లో 120 వచ్చింది కదండీ, ఇంకా పరీక్షెందుకు?" జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పుతారు. ఆ శిక్షణ మొదలైన గంటలోపే ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు.

అపోహ: టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) తక్కువైతే మంచినీళ్లే.

వాస్తవం: ఆ పెన్ను మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందన్నదే. ఆ కొలతను 0.5 నుంచి 0.7 దాకా ఏదో ఒక అంకెతో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. ఒకే గ్లాసులో రెండు మీటర్లు ముంచితే రెండు అంకెలు రావడం అందుకే. క్రిములు దానికి అసలు తెలియవు. ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5. అది 3 ఉన్నా, సోడియంతో కలిపి లెక్కేస్తే టీడీఎస్‌కు చేరేది 7 లోపే. నల్గొండలో ఎముకలు వంచిన ఫ్లోరైడ్ ఈ మీటరుకు చిక్కదు. ప్లాంటు నీళ్ల సంగతీ అంతే: ఆర్వో దాటాక క్లోరిన్ మిగలదు, క్యాను సరిగా కడక్కపోతే టీడీఎస్ 80 ఉన్న నీళ్లలోనూ క్రిములు పెరుగుతాయి. మీటరు ఉప్పదనం చెబుతుంది. అంతవరకే నమ్మండి.

ఫ్లోరైడ్‌కు కిట్టే దిక్కు. జిర్కోనియం మందుతో చేసే పరీక్షలో గులాబీ రంగు వస్తే చాలామంది హడలిపోతారు. నిజానికి గులాబీ అంటే ఫ్లోరైడ్ తక్కువ, పసుపుకు తిరిగేకొద్దీ ఎక్కువ. ట్యూబులో నీళ్లు గీత దాటకూడదు. రంగును పగటి వెలుగులో, తెల్లకాగితం ముందు పెట్టి చార్టుతో పోల్చాలి, బల్బు కింద కాదు. నీళ్లలో క్లోరిన్ ఉంటే అది రంగును తినేసి లేని ఫ్లోరైడ్‌ను చూపిస్తుంది. అందుకే క్లోరిన్ పరీక్ష ముందు చేయాలి.

అపోహ: హెచ్2ఎస్ సీసా (నీళ్లలో మలం కలిసిందేమో చూసే పరీక్ష సీసా) నల్లబడితే ఊళ్లో కలరా వచ్చినట్టే.

వాస్తవం: కాదు. మలం కలిసిందేమో అన్న అనుమానం, అంతే. చేతిపంపైతే కొన్ని నిమిషాలు కొట్టి వదిలాకే నీళ్లు పట్టాలి. సీసా కడగొద్దు, మూత లోపల వేలు పెట్టొద్దు, గీత దాకా నింపి 24 నుంచి 48 గంటలు వెచ్చగా ఉంచాలి. నిమిషాల్లోనే నల్లబడితే క్రిములు కాదు, నీళ్లలో ముందే ఉన్న కుళ్లుగుడ్డు వాసన గ్యాసు. గంటల తర్వాత నల్లబడితే మళ్లీ శాంపిల్ తీయండి, లీకేజీ వెతకండి, ఈలోగా తెర్లించి చల్లార్చిన నీళ్లు తాగమని చెప్పండి. పసిపిల్లల తల్లులు ముందు అడిగేది అదే.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనేది ఉత్త మాట. ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. క్లోరిన్ వాసన విషమనేదీ అంతే: క్రిములు పెరగకుండా చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర కొలిచి సరిపెట్టుకుంటే లెక్కలోకి రాదు.

నల్లబడిన సీసాను కాలవలో పారబోయకండి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి అరగంట ఉంచి, మరుగుదొడ్లో ఒంపండి.