కుంజైట్ గురించి పిల్లలకు ఉత్తరం

టి.నగర్, చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

పాండీ బజారు నగల దుకాణంలో మీరు ముచ్చటపడి, కెంపు కాకపోతే మరేమిటని అడిగిన ఆ లేత గులాబీ రాయి పేరు కుంజైట్. నవరత్నాలలో చోటు లేనందువల్ల మన ఇళ్లలో దాని ప్రస్తావన రాదు.

ఇది స్పోడుమీన్ అనే ఖనిజంలో ఒక రకం. అందులో కొద్దిపాటి మాంగనీసు చేరడం వల్ల ఈ వన్నె వస్తుంది. మీ ఫోన్ల బ్యాటరీలకు కావలసిన లిథియంను కూడా ఈ ఖనిజం నుంచే విరివిగా తీస్తారు. కాలిఫోర్నియాలోని పాలా దగ్గర 1902లో దొరికిన ఈ రాళ్లను టిఫనీ సంస్థ రత్న నిపుణుడు జార్జ్ ఫ్రెడరిక్ కుంజ్ పరిశీలించాడు. ఆయన పేరే వీటికి స్థిరపడింది. ఇప్పుడు అఫ్గానిస్థాన్, బ్రెజిల్, మడగాస్కర్‌ల నుంచి కూడా వస్తున్నాయి.

రాయిని పటకారుతో పట్టుకుని, వెనుక తెల్లకాగితం ఉంచి, కిటికీ వెలుతురులో మెల్లగా తిప్పి చూడండి. ఒక వైపు నుంచి నిండు గులాబీగా కనిపించినది, మరికొంచెం తిప్పేసరికి దాదాపు రంగులేని గాజులా మారుతుంది. స్ఫటికం పొడవు వెంబడి చూసినప్పుడే రంగు చిక్కగా ఉంటుంది కనుక, రాయి పైముఖం ఆ దిశకు వచ్చేలా సాన పట్టాలి. అయితే ఈ రాయి రెండు దిశలలో సులువుగా చీలిపోతుంది; సాన పట్టేవాడి నేర్పు తెలిసేది ఇక్కడే.

ఆ చీలే గుణం వల్లనే రోజూ పెట్టుకునే ఉంగరానికి ఇది పనికిరాదని నా అభిప్రాయం. వాష్‌బేసిన్ అంచుకు ఒక్కసారి గట్టిగా తగిలినా చాలు. లోలకులకైతే నిశ్చింతగా పొదిగించుకోవచ్చు. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు లెక్కించే మోస్ కొలమానంలో దీని కాఠిన్యం ఆరున్నర నుంచి ఏడు వరకు ఉంటుంది; వీధి ధూళిలోని ఇసుక రేణువులది కూడా ఏడే కాబట్టి, పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడవచ్చు. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు కలిపి, మెత్తని కుంచెతో కడగండి. ఆవిరితోగానీ అల్ట్రాసోనిక్ యంత్రంతోగానీ శుభ్రం చేయించవద్దు. కంసాలి నగకు అతుకు వేయవలసి వస్తే ముందుగా రాయిని తీయించండి. అన్నిటికంటే ముఖ్యం, ఎండ తగలనివ్వకండి, ఎందుకంటే బలమైన వెలుతురుకు ఈ రంగు క్రమంగా వెలిసిపోతుంది. దీనిని సాయంత్రపు విందులకు పెట్టుకునే రాయి అనడం అందుకే.

ఇక వెల సంగతి. కుంజైట్ పెద్ద పెద్ద ముక్కలుగా దొరుకుతుంది. కెంపులో మాదిరి బరువు పెరిగినకొద్దీ క్యారెట్ ధర ఎగబాకదు. అరుదైనది ముదురు వన్నె, అందులోనూ చిన్న రాయిలో. ధర నిర్ణయించేది అదే. కొన్నింటికి వికిరణంతో, అంటే రేడియేషన్‌తో, రంగు పెంచుతారు, కాబట్టి కొనేముందు రత్న పరీక్షశాల ధ్రువపత్రం అడగండి. అధ్యక్షుడు కెన్నెడీ 1963లో తన భార్య కోసం కొన్న 47 క్యారెట్ల కుంజైట్ ఉంగరం 1996 వేలంలో నాలుగు లక్షల డాలర్లకు పైగా పలికిందని మీకెవరైనా చెబితే అది నిజమే. కానీ ఆ ధరలో రాయి వంతు కొంతే, మిగిలినదంతా ఆ ఇంటి పేరుకు కట్టిన వెల.

ఇట్లు,
మీ తాతయ్య