జీతంలో కోసే లాయరు ఫీజు: ఈ గడి వెనక కథ

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకు ఏటా బెనిఫిట్స్ ఎంచుకునే ఫారంలో, పళ్లకూ కళ్లకూ ఇన్సూరెన్సు అడిగే చోటే, చాలా కంపెనీల్లో ‘లీగల్ ప్లాన్’ అనే గడి కూడా ఉంటుంది. టిక్కు పెడితే జీతంలోంచి కొంత కోస్తారు. వీలునామా, ఇంటి కాగితాలు, ట్రాఫిక్ టికెట్టు లాంటి పనులు పడితే ప్లాన్‌లో ఉన్న లాయరు చూసుకుంటాడు. చాలామంది ఆ గడిని చూసీ చూడనట్టు దాటేస్తారు. అది అక్కడికి చేరడానికి మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఉచిత న్యాయ సహాయం బాగా పేదవాళ్లకే దొరుకుతుంది. డబ్బున్నవాళ్లకు లాయర్లకు కొదవ లేదు. చిక్కల్లా మధ్యలోవాళ్లకే. నలుగురూ తలాకొంత వేసుకుని లాయర్ని పెట్టుకుందామంటే బార్ అసోసియేషన్లు ఒప్పుకోలేదు. లాయరుకూ క్లయింటుకూ మధ్య మూడోవాడు ఉండకూడదన్నది వాళ్ల నియమం. సభ్యులకు లాయరు సేవలు అందించిన షికాగో మోటార్ క్లబ్బును 1935లో ఇల్లినాయ్ కోర్టు ఆపేసింది. క్లయింటు మేలు కోసమే అనేవాళ్లు గానీ, ఫీజుల మీద పట్టు పోతుందన్న భయమూ అందులో ఉందని నా అనుమానం.

ఆ గోడను పడగొట్టింది కార్మిక సంఘాలు. ఇల్లినాయ్ బొగ్గు గని కార్మికులకు ప్రమాద పరిహారం వస్తే, ఒకప్పుడు లాయర్లే అందులో 40, 50 శాతం తీసుకునేవారు. దాంతో యూనియన్ 1913లోనే సొంత లాయర్ని జీతానికి పెట్టుకుంది. కార్మికుడు పైసా ఇవ్వక్కర్లేదు, పరిహారం మొత్తం అతనికే. దశాబ్దాల తర్వాత రాష్ట్ర బార్ అసోసియేషన్ దీనిమీద కోర్టుకెక్కింది. 1967లో సుప్రీంకోర్టు యూనియన్ వైపే నిలిచింది. అప్పటికి ఆ లాయరు జీతం ఏడాదికి 12,400 డాలర్లు. అంతకుముందే, 1964లో, రైల్వే కార్మికుల యూనియన్ తన సభ్యులకు లాయర్లను సిఫార్సు చేయవచ్చని అదే కోర్టు చెప్పింది.

ఆ తర్వాత ఇది జీతాల బేరంలోకి వచ్చింది. 1971లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో భవన నిర్మాణ కూలీల యూనియన్ గంటకు 2 సెంట్ల చొప్పున జమచేసి ఒక ప్లాన్ నడిపింది. దీనికి చేయూతనిచ్చింది అమెరికన్ బార్ అసోసియేషనే! అలాగని గొడవ తీరలేదు. ఏ లాయరు దగ్గరకైనా వెళ్లనివ్వాలా, యూనియన్ ఎంచిన కొద్దిమంది దగ్గరకేనా అని లాయర్లు మళ్లీ తగువులాడుకున్నారు. 1974లో హ్యూస్టన్‌లో జరిగిన ఆ అసోసియేషన్ సమావేశంలో రెండో రకం ప్లాన్లకు అడ్డుపడే నియమాలు పెట్టి, ఏడాది తిరక్కుండానే సవరించుకున్నారు.

యజమానులు కూడా ఇలాంటి ప్లాన్ల నిధికి డబ్బు కట్టడానికి 1973లో చట్టం వీలిచ్చింది. అలా కట్టిన డబ్బును ఉద్యోగి ఆదాయంగా లెక్కించి పన్ను వేయకూడదని 1976లో ఇంకో చట్టం వచ్చింది. అసలు ఊపు దీనివల్లే. మరోవైపు ఓక్లహోమాలోని ఏడా అనే చిన్న ఊళ్లో హార్లాండ్ స్టోన్‌సైఫర్ 1972లో ఇదే పనికి కంపెనీ పెట్టాడు. కారు ప్రమాదం తర్వాత లాయరు ఖర్చు చూసి పుట్టిన ఆలోచన అది. ఇప్పుడు దాని పేరు లీగల్‌షీల్డ్.

ఆ పన్ను మినహాయింపు శాశ్వతం కాదు. అమెరికా చట్టసభ కాంగ్రెస్ గడువు పొడిగిస్తూ వచ్చి, 1992 జూన్ 30 తర్వాత వదిలేసింది. అందుకే ఇప్పుడు మనవాళ్ల పే స్లిప్పులో లీగల్ ప్లాన్ కోత మామూలుగా పన్ను పట్టుకున్న తర్వాతే పడుతుంది.