సోయా చేనులో పురుగుల సంగతి

బిడ్డలారా,

మొన్న ఫోన్ల చిన్నది అడిగింది: "తాతా, ఆకులన్నీ పురుగు తింటుంటే మందు కొట్టకుండా ఎట్ల ఊకుంటవ్?" ఫోన్లో చెబితే తెగే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

మన నిర్మల్ దిక్కు నల్లరేగడిలో తొలకరికి విత్తిన సోయా, పూతకు ముందు ఆకుల్లో ఐదో వంతు పోయినా చిగురేసి కోలుకుంటుంది. పూత, కాయ దశలో ఆ ఓపిక ఉండదు. ఈ తేడా తెలియక తొలి ఏళ్లలో నాలుగు చిల్లులు కనబడగానే పంపు భుజానికెత్తేవాణ్ణి. పురుగుల్ని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు ముందు చచ్చేవి. లద్దె పురుగు మాత్రం మళ్లీ వచ్చేది, అడ్డుకునేవాళ్లు లేక ఇంకా ఎక్కువగా.

లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు. అది రాత్రిపూట ఆకు అడుగున వందల గుడ్లు కుప్పగా పెట్టి, తన ఒంటి నూగుతో కప్పుతుంది. గోధుమరంగు దూది అతికించినట్టుంటుంది. పిల్లలు కొన్నాళ్లు విడిపోవు. ఒకే ఆకు మీద గుంపుగా చేరి పచ్చదనమంతా గీకేస్తాయి, ఆకు జల్లెడలా తెల్లబడుతుంది. ఆ ఒక్క ఆకు తుంచితే గుంపంతా పోతుంది. పెద్దయ్యాక పగలు మట్టిలో దాక్కుంటాయి, అప్పుడు తిప్పలే. ఆ తల్లికి ఆముదం ఆకంటే ప్రాణం. అందుకే గట్ల వెంట ఆముదం వేశాం. పొద్దున్నే మీ అవ్వ ఆ ఆకులు తిరగేసి చూస్తుంది.

పెంకు పురుగు తీరు వేరు. కాండం మీదో తొడిమ మీదో రెండు ఉంగరాలు గీసి, నడుమ గుడ్డు పెడుతుంది. పైభాగం వాడి వేలాడుతుంది. కింది ఉంగరం కన్నా కిందికి తుంచి పారేయాలి, లోపలి పిల్ల కాండాన్ని తొలుచుకుంటూ దిగకముందే.

మందు అసలే ముట్టనని కాదు. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు ఎక్కువ పడుతుంటే, 5 కిలోల వేపగింజల పొడి నానబెట్టి వడగట్టి, 100 లీటర్ల నీళ్లలో కలిపి సాయంత్రం కొడతాను. అదీ ఆగకపోతేనే దుకాణం మందు.

ఒక ముసురు ఏడు చేనంతా లద్దె పురుగే. పంపు తీశాను. ఆకు కొసన ఒకటి కట్టెలా బిగుసుకుని తెల్లగా కనబడింది. రెండు రోజులకు దాని మీద లేత ఆకుపచ్చ పొడి. అది పురుగులకు పట్టే బూజు జబ్బు. తేమ ఉంటే ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. పంపు మళ్లీ కొట్టంలో పెట్టేశాను.

చవితికి వచ్చేటప్పుడు భూతద్దం తెచ్చుకోండి. గుడ్ల మీది నూగు చూపిస్తాను.

మీ తాత