జపనీస్ సొంతంగా నేర్చుకునేవాళ్లు నమ్మే కొన్ని అపోహలు

నేను తెలుగువాళ్లకు జపనీస్ చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లోనే మొదలుపెట్టి, ఎక్కడో ఒకచోట ఆగిపోయినవాళ్లే. రోజూ కష్టపడ్డారు, కాదనను. ఆ కష్టం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తేడా వస్తోంది.

అపోహ: జపనీస్ మనవల్ల అయ్యే భాష కాదు.

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తమ దౌత్యవేత్తలకు జపనీస్ రావడానికి సుమారు 2,200 క్లాసు గంటలు పడుతుందని లెక్కగట్టింది. నెట్‌లో తిరిగే భయంలో సగం ఆ అంకె పుణ్యమే. కాని అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల లెక్క. జపనీస్‌లో క్రియ వాక్యం చివర్లో వస్తుంది, విభక్తి నామవాచకం వెనకాల చేరుతుంది. ఈ రెండూ మనకు పుట్టుకతో వచ్చినవే. ‘తిని చూడు’ అనాలంటే జపనీస్‌లో ‘తబెతె మిరు’. ‘తబెతె’ అంటే తిని, ‘మిరు’ అంటే చూడటం. ‘వస్తానని అన్నాడు’లో ‘అని’ చేసే పని అక్కడ ‘తొ’ చేస్తుంది. ‘ఒబసన్’ అంటే పిన్ని, అత్త వరస. ‘ఒబాసన్’ అంటే బామ్మ. హ్రస్వ దీర్ఘాల తేడా మన చెవికి కొత్త కాదు. ‘త్సు’ అనడానికి ఇంగ్లిష్‌వాళ్లు తంటాలు పడతారు. మనం ‘చుట్టం’ అన్నప్పుడు పలికే చు దానికి బాగా దగ్గర.

ఇంత ఉండి కూడా మనవాళ్లు జపనీస్ వాక్యాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి, అక్కణ్నుంచి తెలుగులోకి తిప్పుకుంటారు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. నోట్సులో అర్థం నేరుగా తెలుగులోనే రాసుకోండి. జపనీస్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకోవడం మాత్రం మొదటి రెండు వారాలకే. జపనీస్‌లో మొదట నేర్చుకునే లిపి హిరగన 46 అక్షరాలు, ఆలోపు వచ్చేస్తాయి.

అపోహ: యాప్‌లో స్ట్రీక్ తెగకపోతే భాష వస్తున్నట్టే.

స్ట్రీక్ లెక్కపెట్టేది మీరు వరసగా యాప్ వాడిన రోజుల్ని. తెర మీద నాలుగు మాటలిచ్చి ‘నీళ్లు తాగుతాను’ ఏదంటే ఎవరైనా ‘మిజు ఒ నొమిమాస్’ నొక్కేస్తారు. ఫోన్ పక్కన పెట్టి ‘నీళ్లు తాగలేదు’ అనమనండి, ‘నొమిమాసెన్ దెషిత’ నోటికి రాదు. గుర్తుపట్టడం వేరు, గుర్తుచేసుకోవడం వేరు. మాట్లాడేటప్పుడు అక్కరకొచ్చేది రెండోదే.

అందుకని పొద్దున టీ తాగుతూ నిన్నటి ఐదు వాక్యాలు తీయండి. జపనీస్ వైపు చేత్తో మూసి, తెలుగు చూసి పైకి చెప్పండి. ఆ తర్వాతే చెయ్యి తీయండి. తప్పినవి రేపు మళ్లీ, వచ్చినవి మూడు రోజులకు, తర్వాత వారానికి, ఆపైన నెలకు. చదివింది ఎంత త్వరగా మరిచిపోతామో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసి చూపించాడు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో అట్టపెట్టెలో కార్డులతో ఈ వాయిదాల పద్ధతి చెప్పాడు. 2006లో వచ్చిన ఆంకీ అనే కార్డుల యాప్ ఆ లెక్క తనే వేసిపెడుతుంది. ఒక్క హెచ్చరిక: ఉత్సాహం కొద్దీ రోజుకు ముప్ఫై కొత్త కార్డులు వేసుకోకండి. మూడో వారానికి పాతవే వందల్లో పేరుకుపోతాయి. ఎక్కువమంది ఆంకీ వదిలేసేది అక్కడే. పది చాలు.

అపోహ: కంజీని ఇంపోజిషన్ రాస్తే వస్తుంది.

కంజీ అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు. ఇంపోజిషన్ రాస్తే నాలుగోసారికే చెయ్యి రాస్తుంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది. జపాన్ ప్రభుత్వం నిత్యవాడుకకని పెట్టిన జాబితాలోనే 2,136 కంజీలున్నాయి. విడివిడిగా బట్టీ పడితే తేలేది కాదు, మాటల్లో పట్టుకోండి. కరెంటుకు వాడే ‘దెన్’ అక్షరమే దెన్‌ష (రైలు), దెన్‌వ (ఫోన్), దెన్‌కి (కరెంటు) మూడింట్లోనూ ఉంది.

అపోహ: సబ్‌టైటిల్స్‌తో అనిమే చూస్తే చాలు.

కళ్లు ఇంగ్లిష్ చదువుకుంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. రెండు నిమిషాల ముక్క తీసుకుని సబ్‌టైటిల్స్ లేకుండా ఒకసారి, జపనీస్ సబ్‌టైటిల్స్‌తో ఒకసారి విని, మూడోసారి వెంటవెంటనే పలకండి. అన్నట్టు, అనిమే హీరో వాడే ‘ఒమయె’ ఆఫీసులో వాడారనుకోండి, మేనేజర్‌ని ఒరేయ్ అన్నట్టే!

అపోహ: చిన్నప్పుడైతేనే భాషలు వస్తాయి.

యాస వరకు పిల్లలది పైచేయి. వ్యాకరణం మాత్రం మొదట్లో పెద్దవాళ్లే త్వరగా పట్టుకుంటారు.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి పాకిన మాట ఇది. ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందన్నాడాయన. ఆ ‘కనీసం’ దారిలో రాలిపోయింది. తర్వాత ఒక అలవాటు కుదరడానికి ఎన్నాళ్లు పడుతుందో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు చూస్తే సగటున 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదనీ తేలింది. కాబట్టి ఒక్కరోజు పోయిందని టెన్షన్ పడి, వచ్చే సోమవారం నుంచి మళ్లీ మొదటినుంచి అనుకోకండి. మర్నాడు టీ టైమ్‌కి మామూలుగా కూర్చోండి.

అపోహ: ఎన్4 పాసైతే మాట్లాడటం వచ్చినట్టే.

ఎన్4 అంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు. అందులో మాట్లాడే పరీక్షే లేదు. అంతా ఆబ్జెక్టివ్. 180కి 90 వస్తే, సెక్షన్ల కనీస మార్కులు కూడా దాటితే, ఎన్4 పాస్. జపాన్ 2019 ఏప్రిల్‌లో తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే ఉద్యోగ వీసాకు సాధారణంగా ఎన్4 గాని జేఎఫ్‌టీ బేసిక్ అనే మరో జపనీస్ పరీక్ష గాని అడుగుతారు. దాంతో చాలామంది పేపర్ కోసమే చదువుతారు. ఇంటర్వ్యూలో బట్టీ పట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ గడగడా చెప్పేస్తారు, రెండో ప్రశ్నకు నోరు పెగలదు. రోజూ రాత్రి ఫోన్‌లో ఒక్క నిమిషం రికార్డు చేయండి: ఇవాళ ఏం చేశారు, ఏం తిన్నారు, ఎవరిని కలిశారు. తెలియని మాట వస్తే తెలుగు మాటే పెట్టి ముందుకెళ్లండి, రికార్డింగ్ ఆపకండి. పడుకునే ముందు ఆ తెలుగు మాటలకు జపనీస్ వెతికి కార్డులు రాసుకోండి. రేపటి పది కొత్త కార్డుల్లో ముందు అవే వెయ్యండి.