మీ అమ్మ తెల్లారుజామున ఎక్కడికి పోతుందంటే

పాపకు, చిన్నోడికి,

మీ జేజి ఆశీస్సులు. ఇక్కడ ఆదోనిలో మీ అత్త, పసిబిడ్డ బాగున్నారు. వాడు పగలంతా నిద్రపోయి రాత్రంతా మమ్మల్ని మేలుకోబెడుతున్నాడు. అందుకే ఈ ఉత్తరం అర్ధరాత్రి కూర్చుని రాస్తున్నాను.

పాపా, పోయిన ఆదివారం నీ పుట్టినరోజుకు ఫోన్ చేస్తే ఏడుస్తూ ఒక మాటన్నావు. "అమ్మకు నాకన్నా సైకిలే ఎక్కువ జేజీ" అని. ఆ మాట అప్పటినుంచి నా మనసులోనే ఉంది. ఫోన్‌లో బుజ్జగిస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కదా, రాసి చెప్తేనే నాకు తృప్తి.

మీ అమ్మ ట్రయాథ్లాన్ అనే పోటీకి సాధన చేస్తోంది, ముందు అదేమిటో తెలుసుకోండి. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో విరామం లేకుండా చేయడం. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేర్చారు. ఒలింపిక్స్‌లో ఏ దూరమో మీ అమ్మ పోటీలోనూ అదే: ఒకటిన్నర కిలోమీటరు ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. 25 మీటర్ల కొలనులో ఒకటిన్నర కిలోమీటరంటే ఈ గోడ నుంచి ఆ గోడకు 60 సార్లు ఈదాలి. చిన్నోడా, ఈ లెక్క సరిగ్గా ఉందో లేదో నువ్వు చేసి చూడు. సైకిలంటే కర్నూలులో మనింటి నుంచి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు పోయి తిరిగొచ్చినంత. అవన్నీ అయ్యాక పరుగు!

ఈత ముందెందుకో తెలుసా? పరుగులో అలిసిపోయిన మనిషిని పక్కన కూర్చోబెట్టి నీళ్ళివ్వచ్చు. నీళ్ళలో అలిసిపోతే ప్రాణానికే ముప్పు. అందుకని ఒంట్లో సత్తువ ఉండగానే ఈత పెడతారు. బట్టలు, బూట్లు మార్చుకునే సమయం కూడా పోటీ లెక్కలోకే వస్తుంది. ఎంత తొందరున్నా హెల్మెట్ పట్టీ బిగించుకోకుండా సైకిల్‌ని స్టాండ్ నుంచి తీయకూడదు. మీరిద్దరూ ఈ నియమం ఒక్కటైనా అమ్మ దగ్గర నేర్చుకోండి.

గంటన్నర సైకిల్ తొక్కి దిగితే కాళ్ళు బరువెక్కి, అసలు మనవే కానట్టుంటాయి. ఆ కాళ్ళతోనే పరిగెత్తడం అలవాటు కావాలి. చిన్నోడా, "అమ్మ ఇంటికొచ్చి కూడా నన్ను ఎత్తుకోకుండా మళ్ళీ పరిగెత్తిపోయింది" అని నువ్వు అలిగావే, అది ఈ అలవాటు కోసమే. సైకిల్ గోడకానించి, చెమటయినా తుడుచుకోకుండా వీధిలోకి పోవాలి. కూర్చుంటే ఆ సాధన దండగే.

తెల్లారకముందే పోవడం మాత్రం మన కర్నూలు ఎండ వల్ల. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. చెమటలో నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది. అమ్మ వచ్చేసరికి నేను రాగి అంబలిలో మజ్జిగ పోసి, ఉప్పేసి చెంబుతో పెట్టేది అందుకే. ఇప్పుడు నేను లేను కాబట్టి నాన్న పెడుతున్నాడట. అంతేకాదు, పాపా, నీకు రెండు జడలు వేయడం కూడా నేర్చుకున్నాడని విన్నాను. మొదట్లో ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చేవట కదా. ఫర్వాలేదు, వేయించుకో.

ఇక మీకు ఇంతవరకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

2009 అక్టోబర్ 2న మన ఊళ్ళోకి వరద వచ్చింది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరిమీద పడ్డాయి. అప్పటికి మీ అమ్మ మన ఇంటికి కోడలిగా వచ్చి ఏడాదే. నీళ్ళు గడప దాటి, కిటికీ దాటి, చూస్తుండగానే మెట్లెక్కాయి. అందరం మిద్దెపైకి పోయాం. ఎదురింట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. మీ జేజినాయన చిన్నప్పుడు కర్నూలు-కడప కాలువ, అదే కే.సీ. కెనాల్‌లో ఈత నేర్చుకున్నవాడు. నేను వద్దంటున్నా వినకుండా, నడుముకు తాడు కట్టుకుని దిగాడు. తాడు రెండో కొస మీ నాన్న పట్టుకున్నాడు. మీ అమ్మ పిట్టగోడ పట్టుకుని వణుకుతూ చూస్తూ ఉంది. ముసలావిడను పైకి తెచ్చేదాకా ఎవరికీ నోట మాటలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మీ అమ్మ నది దగ్గరికి రాలేదు. సంకేసుల ఆనకట్ట చూడ్డానికి పోయినా కారులోనే కూర్చునేది. "నాకు ఈత వచ్చుంటే నేనూ దిగేదాన్ని అత్తా" అని మాత్రం అప్పుడప్పుడూ అనేది. ముప్పై ఏడో ఏట, చిన్నోడు బడికి పోవడం మొదలుపెట్టాక, ఈత నేర్చుకుంటానంది. మొదటి వారమంతా కొలను అంచు వదల్లేదు. అప్పుడు జేజినాయనే ఇంట్లో బేసిన్‌లో నీళ్ళు పోసి, ముఖం ముంచి బుడగలు వదలమ్మా అని నేర్పించాడు. పైన గాలి పీల్చుకోవాలి, నీళ్ళలో వదలాలి. ఈతలో సగం ఆ ఊపిరే. మామ ముందు కోడలు బేసిన్‌లో ముఖం పెట్టి గుడగుడమంటుంటే మీరిద్దరూ చప్పట్లు కొట్టి నవ్వేవాళ్ళు, గుర్తుందా? అమ్మ మొదటిసారి అవతలి గోడ ముట్టుకున్న రోజు ఆయన బెంచీ మీద కూర్చుని చూశాడు. "ఊఁ, వచ్చింది" అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తర్వాత ఆర్నెల్లకే పోయాడు.

ఆయనకు మనం ఒక్క పుట్టినరోజు కూడా చేయలేదు పిల్లలూ. సర్టిఫికెట్లో జులై 1 అని ఉంటుంది. ఆ కాలంలో పల్లెల్లో పుట్టిన తేదీ ఎవరికీ గుర్తుండేది కాదు, బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవార్లు లెక్కకు కుదిరే తేదీ ఒకటి వేసేవాళ్ళు. నేనూ ఎందరికో అలాగే రాశాను. నిజం తేదీ కాదు కదా అని ఊరుకున్నాం. ఇప్పుడు పెద్దల అమావాస్యకు ఆయన ఫోటో ముందు ఉగ్గాని, బజ్జి పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. ఆయన ఉన్నప్పుడు ఏదో ఒక జులై 1న, ఆ ఉగ్గాని ప్లేటే చేతికిచ్చి, "నువ్వు ఆ రోజు వరదలో దిగావు, నాకు గుర్తుంది" అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీ అమ్మ నాకొక తండ్రీకొడుకుల గురించి చెప్పింది. అమెరికాలో డిక్ హోయ్ట్ అని ఒకాయన. ఆయన కొడుకు రిక్‌కు పుట్టినప్పటినుంచి కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు, కంప్యూటర్ సాయంతో మాట్లాడేవాడు. 1977లో కొడుకు అడిగితే తండ్రి వీల్‌చైర్ తోస్తూ ఐదు మైళ్ళ పరుగులో పాల్గొన్నాడు. తర్వాత ట్రయాథ్లాన్‌లు కూడా చేశారు. కొడుకును చిన్న పడవలో పడుకోబెట్టి, దాని తాడు తన ఒంటికి కట్టుకుని ఈదేవాడు. సైకిల్ ముందు సీటు అమర్చేవాడు. చివరికి వీల్‌చైర్ తోస్తూ పరిగెత్తేవాడు. ఇద్దరూ కలిసి వెయ్యికి పైగా పోటీల్లో పాల్గొన్నారు. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇది చెప్పేటప్పుడు మీ అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ పడవ తాడు వినగానే మీ జేజినాయన నడుముకు కట్టుకున్న తాడే కనిపించింది.

పాపా, నీ పుట్టినరోజు సంగతికి వస్తాను. ఆ పొద్దున అమ్మ ఇంట్లో ఉండాల్సిందనే నాకూ అనిపించింది. ఆ మాట తనతోనూ అన్నాను. నువ్వు లేవకముందే, ఆరున్నరకల్లా వచ్చేయాలనుకుందట. ఓర్వకల్లు దగ్గర టైరు పంక్చరైంది. నీకు తలంటు పోయాలనే టెన్షన్‌లో చేతులు వణికి రెండుసార్లు ట్యూబు తప్పుగా ఎక్కించిందట. ఇంటికొచ్చాక నువ్వు ముఖం తిప్పుకున్నావని ఈ సంగతి చెప్పలేదు. నువ్వే అడుగు, చెప్తుంది.

పోటీ నాటికి నేను వచ్చేస్తాను. ఆ రోజు తను ఎన్నో స్థానంలో వచ్చినా మనింట్లో ఓళిగలు చేస్తాం. బెల్లం తురమడం చిన్నోడి పని. పాపా, నీకు చేయి బాగా తిరిగింది కాబట్టి ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాయి. ఏం రాయాలో నేను చెప్పను, నీకు తోచింది రాయి. జేజినాయన ఫోటో కూడా హాల్లోకి తెచ్చి, అమ్మ కూర్చునే చోటికి ఎదురుగా పెట్టండి.

ఈలోగా శనివారం రాత్రి అమ్మ సీసాల్లో నీళ్ళు మీరే నింపి పెట్టండి. మూత గట్టిగా బిగించండి, పోయినసారి సంచి అంతా తడిసిందట.

చిన్నోడా, 60 సార్లు లెక్క సరిపోయిందో లేదో ఫోన్ చేసి చెప్పు. బిడ్డ లేచాడు, ఉంటాను.

ఇట్లు,
మీ జేజి