స్త్రీల వైపు నిండుగా, కమిటీలో మగవాళ్లే: తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఈ తేడా ఎలా వచ్చింది?

ఆదివారం ఆరాధనకు స్త్రీల వైపు కూర్చోవడానికి చోటుండదు. పురుషుల వైపు మూడో వరస నుంచి ఖాళీ. సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీ ఎన్నికలు వచ్చాయంటే లెక్క తలకిందులవుతుంది. “మగవాళ్లు గుడికి రావడం లేదు” అని ఒకరు బాధపడతారు, “ఆడవాళ్లకు పెద్దరికం ఇవ్వరేం?” అని ఇంకొకరు అడుగుతారు. నా ఉద్దేశంలో ఈ రెండింటికీ వేరు ఒకటే. మన సంఘాల్లో మగవాడికి భక్తి, పదవి మొదటి నుంచీ జోడుగా అందాయి. స్త్రీకి భక్తి ఒక్కటే దక్కింది.

నిజానికి ఆరంభం ఇలా లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర ప్రార్థన చేసినప్పుడు అక్కడున్నది అయిదుగురు. దొర, ఆయన భార్య, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు. అంటే ముగ్గురు స్త్రీలే. 1866లో కనిగిరి ప్రాంతంలో తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మ కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు పేరయ్యకు యోగం నేర్పిన గురువు కూడా వీరమ్మ అనే స్త్రీయే! ఒక స్త్రీని గురువుగా ఒప్పుకున్న మనిషితో మొదలైన సంఘంలో స్త్రీ గురువు, అంటే పాస్టర్, కావడానికి వందేళ్లు దాటింది.

మలుపు 1876-78 కరువులో వచ్చిందనుకుంటాను. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన జనానికి కూలి దొరికింది, ఆయన బోధకులే ఆ పని దగ్గరుండి చేయించారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఆరుగురూ మగవాళ్లే. పల్లె పెద్ద ఒప్పుకుంటే ఇంటిల్లిపాదీ వెనక నడిచిన రోజులవి. ఆ పల్లె పెద్దరికమే సంఘ పెద్దరికమైంది. బడిపంతులు, బోధకుడు అనే జీతం ఉద్యోగాలు మగపిల్లల చదువుకు దారి చూపాయి. తరతరాలుగా వెట్టిలో నలిగిన కుటుంబాలకు అదెంత పెద్ద ఊరటో మరచిపోకూడదు.

స్త్రీల పని అప్పుడూ ఆగలేదు. మగవాళ్లు గడప దాటలేని ఇళ్లలోకి బైబిల్ స్త్రీలు వెళ్లి చదువు చెప్పారు, వాక్యం చెప్పారు. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య కాలంలో బోధకుడితోపాటు భార్యకూ శిక్షణ ఉండేది. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కన తీసి గుడికి తెచ్చింది మన అమ్మమ్మలే. ఆ బియ్యం లెక్క రాసింది మాత్రం పెద్దలు.

మిషనరీలు వెళ్లాక బళ్లు, ఆసుపత్రులు, స్థలాలు సంఘాల చేతికొచ్చాయి. వాటిని నడిపే కమిటీల చుట్టూ ఎన్నికలు, వర్గాలు, కోర్టు కేసులు పెరిగాయి. పోటీలో ఉన్న మగవాళ్లు కమిటీలో మిగిలారు. పోటీలో లేనివాళ్లకు గుడిలో పని కనబడలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మరో బరువు పెట్టింది. క్రైస్తవుడినని రాయించుకుంటే దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఉద్యోగం, సర్టిఫికెట్ టెన్షన్ ఉన్న మగవాడు గుడి రిజిస్టర్‌కు కాస్త దూరంగా నిలబడితే నేను తప్పుపట్టలేను. శుక్రవారం ఉపవాస కూడిక మాత్రం ఆడవాళ్లతో నిండింది.

1927లో ఏర్పడిన ఆంధ్ర లూథరన్ సంఘంలో స్త్రీలకు గురుత్వాభిషేకం 1990ల చివర గానీ జరగలేదు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో 1980ల నుంచి గురువుగా పనిచేసిన ఎగ్గోని పుష్పలలిత గారు 2013 సెప్టెంబరులో నంద్యాల బిషప్ అయ్యారు. 1947లో ఏర్పడిన ఆ సంఘానికి తొలి మహిళా బిషప్ ఆమే. ఆ వార్త విని మా ఇంట్లో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

పల్లెల్లో మాటలు ఇంకా మారాలి. ‘అయ్యగారు’ అంటే పాస్టర్, ‘అమ్మగారు’ అంటే ఆయన భార్య. అభిషేకం పొందిన స్త్రీ కొత్త సంఘానికి వెళ్తే, “అయ్యగారు ఎప్పుడొస్తారమ్మా?” అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.